తిత్తి, పీపా, గిన్నె



కల్లు గురించి, సారా గురించి రాసిన గత రెండు భాగాలు చదివి ఒక ఎమ్మే విద్యార్థి మెసేజ్ పెట్టాడు. "సార్, ఊరూరా వైన్స్ అని బోర్డు ఉంటుంది గదా, లోపల వైన్ ఎందుకుండదు?" అని. మంచి ప్రశ్న. జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే పొడుగునా ఆ బోర్డులు చూస్తూనే ఉంటాం. లోపల అమ్మేది మొలాసిస్ స్పిరిట్‌కు రంగూ వాసనా కలిపిన చీప్ లిక్కరు, బీరు. ఏ మూలనో దుమ్ము పట్టిన ఎర్ర సీసా ఒకటి రెండు ఉంటాయి, తియ్యగా పానకంలా ఉండే పోర్టు రకం. దాన్ని అడిగేవాడూ ఉండడు, చూపించేవాడూ ఉండడు. వస్తువు లేని చోట పేరు మాత్రం ఎలా స్థిరపడింది? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి నడిస్తే దారి బందరు రేవు మీదుగా పోర్చుగల్, స్పెయిన్ దాకా పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు నేరుగా మన మాలపల్లె చర్చిలోకి, మాదిగవాడ లంద దగ్గరికి వస్తుంది. అందుకే ఈ భాగం కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ముందు మాటలతో మొదలుపెడతాను, నా చదువు అది కాబట్టి. తెలుగులో పోర్చుగీసు వాళ్లు వదిలిపోయిన మాటలు చాలా ఉన్నాయి: అల్మారా, సబ్బు, తువ్వాలు, మేస్త్రీ, అనాస. ఈ వ్యాసానికి కావలసినవి మూడే. పీపా, పాదిరి, వేలం. 'పీపా' వాళ్ల భాషలో 'పీపా'నే, ద్రాక్షసారాయి నింపే పెద్ద కొయ్య పాత్ర. ఒక్కో దాంట్లో నాలుగు వందల లీటర్ల పైచిలుకే పడుతుంది. 'పాదిరి' అంటే 'పాద్రె', తండ్రి. 'వేలం' వాళ్ల 'లెయిలావ్' నుంచి వచ్చిందని నిఘంటువులు చేసినవాళ్లు చెబుతారు. సారాయి నిండిన పాత్ర, దాన్ని దేవుడి పేర ఎత్తి పట్టుకునే మనిషి, పాట పాడి సరుకు అమ్మే పద్ధతి. పదహారో శతాబ్దంలో మన తీరానికి ఓడల్లో దిగిన ఈ మూడు మాటలూ తర్వాత మన బతుకుల్లో ఎంత దూరం పోయాయో చూడండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచినప్పుడు వాళ్లు ఆపింది సారా 'వేలం' పాటల్నే. పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆ పోరాటంలో ముందున్న కూలి తల్లుల నోట్లో నలిగిన మాట పోర్చుగీసు ఓడల్లో వచ్చింది.

ఇక సరుకు సంగతి. ఆంగ్లేయులు పోర్చుగీసు సారాయి తాగడం రుచి కోసం మొదలుపెట్టలేదు. ఫ్రాన్సుతో వైరం వచ్చింది. 1703లో మెథుయెన్ ఒప్పందం చేసుకున్నారు. ఫ్రెంచి సారాయి మీద వేసే సుంకంలో మూడో వంతు తగ్గించి పోర్చుగీసు దాని మీద వేస్తామన్నారు, బదులుగా ఇంగ్లండు ఉన్ని బట్టలు పోర్చుగల్‌లోకి పోయాయి. సుంకం తగ్గింది గనుక సరుకు చవకైంది, చవకైంది గనుక అలవాటైంది. చవక వైన్ చరిత్ర అంటే సగం పన్నుల చరిత్రే. ఆ అలవాటే కంపెనీ ఓడల్లో మద్రాసుకూ బందరుకూ వచ్చింది. దారిలో పోర్చుగీసు వాళ్ల మదీరా దీవి తగిలేది. అక్కడ పీపాలు ఎక్కించుకునేవాళ్లు. ఉష్ణమండలం ఎండకు, ఓడ ఊపుకు మామూలు సారాయి పాడవుతుంది. బ్రాందీ కలిపిన మదీరా మాత్రం పాడవకపోగా రుచి పెరిగేది. చివరికి ఇండియా దాకా తీసుకొచ్చి, మళ్లీ వెనక్కి తీసుకుపోయి, 'తిరుగు ప్రయాణపు సారాయి' అని ఎక్కువ ధరకు అమ్మేదాకా పోయింది వ్యవహారం. మన సముద్రం ఎండలో మాగిన సరుకు అది. ఓడరేవులో ఆ పీపాలు దొర్లించిన హమాలీలు దాన్ని రుచి చూశారా లేదా అన్నది ఏ ఖాతాపుస్తకంలోనూ ఉండదు.

పీపా యూరప్ వాళ్ల పాత్ర. మన పాత్ర తిత్తి. ఇక్కడ కాసేపు ఆగాలి.

పదిహేడో శతాబ్దంలో గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఒక సంగతి రాశాడు. నాలుగైదు కోసుల దూరం నుంచి రోజూ అయిదారు వందల గుర్రాల మీద కల్లు నగరానికి వచ్చేదట. గుర్రానికి రెండు వైపులా రెండు తోలు తిత్తులు, పరుగులాంటి నడక. ఆ కల్లు మీద సుల్తానుకు వచ్చే పన్ను పెద్ద మొత్తమని కూడా రాశాడు. వజ్రాల కోసం వచ్చిన మనిషి గుర్రాలు లెక్కపెట్టాడు, పన్ను గమనించాడు. తిత్తులు ఎవరు కుట్టారో రాయలేదు. అయిదారు వందల గుర్రాలంటే పన్నెండు వందల దాకా తిత్తులు. అవి చిరుగుతాయి, కారతాయి, మళ్లీ కొత్తవి కావాలి. ఇంత తోలు ఎవరు ఊనారు? లంద దగ్గర ఎవరు కూర్చున్నారు? మనకు తెలుసు. వజ్రాల గనుల పరిటాల మన కంచికచర్ల పక్కనే ఉంది గనుక గోల్కొండ చరిత్ర అంటే మనవాళ్లు వజ్రాలే చెబుతారు. ఆ రాజ్యానికి తోలు చరిత్ర కూడా ఉంది, రాయాల్సింది మనమే.

స్పెయిన్‌లోనూ ఇంతే. మేకతోలు సంచిని లోపల కీలు పూసి వైన్ నింపేవాళ్లు, 'బోత' అంటారు. పల్లెల్లో పశువుల కాపరి భుజాన అదే వేలాడేది. కొత్త ద్రాక్షారసం పాత తిత్తిలో పోస్తే పిగులుతుందని ఏసు చెప్పిన పోలిక మన చర్చిలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. పులిసేటప్పుడు పుట్టే గాలికి పాత తోలు సాగదు, అదీ అందులోని విషయం. పట్నంలో గాజు సీసా తప్ప ఎరగని పాస్టరు దాన్ని ఆత్మీయ అర్థంలో అరగంట వివరిస్తాడు. తిత్తి కుట్టిన మా తాతల తరానికి వివరణే అక్కర్లేదు.

ఇప్పుడు రుచి. ఈ మధ్య హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మిత్రులు కొందరు కలిసి స్పెయిన్ గర్నాచా, తెంప్రనీయో, పోర్చుగల్ అలెంతేజో ఎరుపు, చిలీ కార్మెనేర్, అర్జెంటీనా మాల్బెక్, వీటిలో తక్కువ ధరవి తెచ్చుకుని వరసగా రుచి చూశారు. నేనూ కూర్చున్నాను. తాగమని ప్రచారం చేయడానికి ఇది రాయడం లేదు. వాడ ఆడవాళ్లు సారా మీద చేసిన పోరాటాన్ని గౌరవించేవాడినే. కానీ రుచి కూడా ఒక చదువే, ఆ చదువు ఎవరి సొత్తని ముందే నిర్ణయమైపోయి ఉంది. గర్నాచా మెత్తగా, బాగా పండిన అల్లనేరేడు పండులా ఉంది. తెంప్రనీయోలో పులుపు, వగరు సమానం. చిలీ దాంట్లో పచ్చి మిరపకాయ విరిచిన వాసన స్పష్టంగా తెలుస్తుంది. మన మెట్టలో మిరపతోట కోతకు పోయిన వాళ్లెవరైనా ఆ వాసనకు ఉలిక్కిపడతారు. అది కార్మెనేర్ ద్రాక్ష గుణం. చిలీలో చాలాకాలం దాన్ని మెర్లో అనుకుని పెంచారు. 1994లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చి ఇది వేరే రకమని గుర్తుపట్టాడు.

నోరు బిగదీసే ఆ వగరుకు ఇంగ్లీషులో టానిన్ అని పేరు. ఆ మాట ఎక్కడిదో తెలుసా? తోలు ఊనే పని నుంచి వచ్చింది. తుమ్మ చెక్కలో, తంగేడు చెక్కలో ఉండే వగరు సరుకే ద్రాక్ష తొక్కలో, గింజలో ఉంటుంది. తుమ్మ చెక్క వగరు పచ్చితోలును పట్టుకుని కుళ్లకుండా చేస్తుంది. ద్రాక్ష వగరు మన లాలాజలాన్ని పట్టుకుని నోరు ఎండినట్టు చేస్తుంది. రెండు చోట్లా ఒకే రసాయనం పని. ఏ చెక్క ఎంతసేపు నానితే ఎంత వగరు దిగుతుందో, లందలో ఏ రోజు నీళ్లు మార్చాలో చేతివేళ్లతో చెప్పగలిగిన మాదిగ పెద్దలకు ఈ శాస్త్రం తరతరాలుగా తెలుసు. పట్టా మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇంకో సంగతి చెబితే మీకు కోపమే వస్తుంది, నాకు నవ్వు కూడా వచ్చింది. పాతబడిన రియోహా వైన్‌ను మెచ్చుకునేటప్పుడు రుచి నిపుణులు వాడే గొప్ప మాటల్లో ఒకటి 'తోలు వాసన'. పొగాకు, దేవదారు, తోలు అని వరసగా చెబుతారు. ఆ రోజు బల్ల దగ్గర ఒకాయన గ్లాసు తిప్పి, కళ్లు మూసుకుని, "లెదర్" అన్నాడు, పరవశంగా. అదే వాసన సాకుతోనే మన ఊళ్లలో మాదిగవాడను ఊరి చివరికి, గాలి అవతలి వైపుకు పెట్టారు. సీసాలో ఉంటే సంస్కృతి, వాడలో ఉంటే మైల. ఆయన్ను తప్పుపట్టి లాభం లేదు, మంచివాడే. ఆయన ముక్కుకు ఆ రెండు వాసనలు ఎప్పుడూ కలిసి తగల్లేదు, అంతే.

ఆ బల్ల మీద అన్నింటికంటే నాకు నచ్చింది అలెంతేజో. రుచి ఒక కారణం, ఊరు ఇంకో కారణం. పోర్చుగల్ దక్షిణాన అలెంతేజో అంటే వందల, వేల ఎకరాల భూస్వాముల ఎస్టేట్లు, రోజు కూలీకి బతికే భూమి లేని జనం. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో నియంతృత్వం కూలాక, 1975లో ఆ కూలీలు ఎస్టేట్లు ఆక్రమించారు, సహకార క్షేత్రాలు పెట్టుకున్నారు. తర్వాతి ప్రభుత్వాలు చాలా భూమిని పాత యజమానులకు తిరిగి అప్పగించాయి. జొసె సరమాగు 1980లో రాసిన ఒక నవల పూర్తిగా ఆ కూలి కుటుంబాల కథే. చిలీలోనూ అలాంటిదే: 1967 భూసంస్కరణ చట్టం, అయెందె కాలంలో వేగం, 1973 సైనిక కుట్ర తర్వాత తిరోగమనం, ఆపైన పండ్లకూ వైన్‌కూ ఎగుమతి తోటలు. చవక సీసా చవగ్గా ఎందుకుందో లేబుల్ మీద రాయరు. ద్రాక్ష కోసిన చేతికి ఎంత ఇచ్చారన్నది అందులో ఒక పెద్ద భాగం.

అక్కడ చవకైనది ఇక్కడికొచ్చేసరికి ఖరీదు. మన దేశం దిగుమతి వైన్ మీద ఏళ్ల తరబడి 150 శాతం కస్టమ్స్ సుంకం వేసింది. మూడు వందల సీసా ఓడరేవు దాటేసరికే ఏడు వందల యాభై, ఆపైన రాష్ట్రం వాటా, దుకాణం వాటా. స్పెయిన్‌లో కూలివాడు భోజనంలో తాగే సరుకు ఇక్కడ జూబ్లీహిల్స్ మర్యాద అయింది ఇందువల్లే. మన కూలివాడికి మిగిలింది క్వార్టర్ సీసా. 2019 అక్టోబరులో ప్రభుత్వమే దుకాణాలు పెట్టి ధరలు పెంచినప్పుడు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర బైకు సీట్ల కింద, పాల క్యాన్లలో తెలంగాణ సీసాలు పట్టుకోవడం రోజూ వార్త. 2024 అక్టోబరులో లాటరీ తీసి 3,396 ప్రైవేటు దుకాణాలు ఇచ్చారు, 99 రూపాయల క్వార్టర్ వచ్చింది. వేలం పోయి లాటరీ వచ్చింది, ఖజానా లెక్క మాత్రం అబ్కారీ చట్టం నాటిదే. 1886లో మద్రాసు ప్రభుత్వం ఆ చట్టం చేసిన నాటి నుంచి తాగేవాడిని తిడుతూ, తాగిన డబ్బుతో నడిచే పద్ధతి మారలేదు. ప్రకాశం పంతులు ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది మద్యనిషేధం తగాదా మీదే. గీత కార్మికుల బతుకుదెరువు వెనక నిలబడింది లచ్చన్న. దాని గురించి వేరే భాగమే రాయాలి.

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నాను: గిన్నె.

ఎర్ర వైన్ మన వాడలోకి దుకాణం గుండా రాలేదు. చర్చి గుండా వచ్చింది. ఇంగ్లండు చర్చిలో బల్లారాధనకు చాలాకాలం వాడిన చిక్కటి ఎర్ర సారాయి పేరు 'టెంట్'. గుడారం కాదు, స్పానిష్ 'తింతో' (ఎరుపు) మాటకు ఇంగ్లీషు నోట్లో పట్టిన గతి. స్పెయిన్ రంగు, ఇంగ్లండు గిన్నె. ఆ చర్చి తాలూకు సి.ఎం.ఎస్. మిషనరీలు నోబుల్, ఫాక్స్ 1841లో బందరు వచ్చారు. 1843లో నోబుల్ పెట్టిన బడి చూపంతా పై కులాల పిల్లల మీదే. బ్రాహ్మణులు మారితే కిందివాళ్లు తామే వస్తారని లెక్క. జరిగింది తలకిందులు. 1859లో ఈ మెట్ట సీమలోని రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల పెద్ద బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని వెతుక్కుంటూ వెళ్లాడు. అప్పటికే విగ్రహాలు వదిలేసి, పేరు తెలియని ఒకే దేవుడికి మొక్కుకుంటున్నాడని మిషన్ రచనలు చెబుతాయి. ఆ ఏడే బాప్తిస్మం. ఆయన వెనక బంధువులు, చుట్టుపక్కల ఊళ్ల పల్లెలు. కృష్ణా జిల్లాలో దళిత క్రైస్తవం అనే పెద్ద ప్రవాహానికి మొదటి పాయ అది. మిషనరీ వచ్చి మనల్ని 'మార్చాడు' అని చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. నడిచి వెళ్లింది వెంకయ్యే.

బాప్తిస్మం తర్వాత బల్ల. బల్ల మీద ఒకే రొట్టె, ఒకే గిన్నె. ఒకరి తర్వాత ఒకరు అదే అంచు మీద పెదవి పెట్టి తాగాలి. తెలుగులో 'ఎంగిలి' అనే మాట బరువు తెలిసినవాళ్లకే ఈ దృశ్యం ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఇంగ్లీషులో దానికి సరైన మాటే లేదు. దోసిట్లో ఎత్తి నీళ్లు పోయించుకున్న మనిషి, వెండి గిన్నెను రెండు చేతులా పట్టుకుని, దొర తాగిన చోట తాగడం. మహాడ్ చెరువు 1927. కారంచేడు 1985, అక్కడా గొడవ తాగే నీళ్ల దగ్గరే మొదలైంది. నా దృష్టిలో ఆ వరసలో ఈ గిన్నెను కూడా పెట్టాలి, కాలం ప్రకారం అది ముందుది.

పోర్చుగీసు పాదిరులు ఈ పని ఎందుకు చేయలేదని అడగొచ్చు. వాళ్లూ శతాబ్దాల ముందే సారాయి తెచ్చారు. కానీ కేథలిక్ చర్చిలో అప్పట్లో గిన్నె పాదిరి ఒక్కడికే, జనానికి అప్పం మాత్రమే. 1415లో కాన్‌స్టన్స్ సభ జనానికి గిన్నె ఇవ్వకూడదని తీర్మానించింది. అదే ఏడు యాన్ హుస్‌ను కాల్చి చంపారు. ఆయన అనుచరులు బొహీమియాలో గిన్నె బొమ్మను జెండా మీద వేసుకుని ఏళ్ల తరబడి యుద్ధం చేశారు. చివరికి 1436లో గిన్నె సాధించుకున్నారు. మిగతా కేథలిక్ లోకంలో జనం చేతికి గిన్నె కొంతవరకైనా రావడానికి 1960ల రెండో వాటికన్ సభ దాకా ఆగాల్సి వచ్చింది. ఒకే గిన్నె లేదు గనుక ఎంగిలి సమస్య ఎదురుకాలేదు, ఎదురుకాలేదు గనుక కులంతో సర్దుకోవడం తేలికైంది. మదురైలో డి నొబిలి 1606 నుంచి బ్రాహ్మణ సన్యాసిలా బతికాడు. తర్వాత పై కులాలకు ఒక రకం పాదిరులు, కింది కులాలకు ఇంకో రకం.

అట్లాగని ప్రొటెస్టెంటు గిన్నె పాలలా తెల్లగా ఉందనుకోకండి. తంజావూరు వైపు పాత లూథరన్ సంఘాల్లో వెల్లాల క్రైస్తవులు ముందు తాగి, తర్వాత మిగతావాళ్లు తాగే వరస స్థిరపడింది. 1833లో బిషప్ డేనియల్ విల్సన్ చర్చిలో కులం తక్షణం, పూర్తిగా పోవాలని ఉత్తరువు పంపితే చాలామంది బల్లకు రావడం మానేశారు. మన దగ్గర ఆ తగాదా రాలేదంటే కారణం మనవాళ్ల గొప్ప కాదు, పై కులాలవాళ్లు పెద్ద సంఖ్యలో రాకపోవడం. గిన్నె అందరిదీ అయింది, ఆ 'అందరూ' మాలపల్లె వరకే. మాదిగవాడకు చాలాచోట్ల వేరే మిషను, వేరే చర్చి, వేరే గిన్నె. ఒంగోలు వైపు బాప్టిస్టులు ముందు మాదిగల్లోకి వెళ్లారు, ఇటు సి.ఎం.ఎస్. ముందు మాలల్లోకి. మిషన్ల సరిహద్దులు కాలక్రమంలో కులాల సరిహద్దులైపోయాయి. వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు ఇచ్చాక మన వాట్సప్ గ్రూపుల్లో వచ్చిన మాటలు చూసి ఆశ్చర్యపోయినవాళ్లు నూట యాభై ఏళ్ల ఈ రెండు గిన్నెల్ని చూడలేదన్నమాట.

గిన్నెలో ఏముందన్నది ఇంకో కథ. తెలుగు బైబిలు అనువాదకులు గమ్మత్తు చేశారు. గ్రీకులో 'ఓయినోస్' ఒకే మాట. కానా ఊరి పెళ్లిలో అది 'ద్రాక్షారసము' అయింది. ఎఫెసీ పత్రికలో మత్తు గురించి హెచ్చరించే చోట అదే మాట 'మద్యము' అయింది. మంచి చోట రసం, చెడ్డ చోట మద్యం. దీనివల్ల కానాలో నీళ్లు జ్యూసుగా మారాయని తరతరాల తెలుగు క్రైస్తవులు నమ్మారు. 1869లో అమెరికాలో వెల్చ్ అనే మెథడిస్టు పులియని ద్రాక్షరసాన్ని వేడిచేసి నిలవ చేసే పద్ధతి కనిపెట్టాక మిషన్లకు ఆ నమ్మకం వస్తువుగా కూడా దొరికింది. తాగుడుతో చితికిన వాడలకు ఆ పులియని రసమే మేలు చేసిందని నా అభిప్రాయం. అనువాదం తప్పైనా ఫలితం తప్పు కాదు. వాడలోంచి మొదటి టీచర్లు, నర్సులు వచ్చిన ఇళ్లలో చాలావరకు సీసా లేని ఇళ్లే.

అదే అమెరికా నుంచి 1890ల్లో క్రిముల భయంతో చిన్న చిన్న విడి గ్లాసుల పద్ధతి వచ్చింది. ఇప్పుడు మన పట్టణ చర్చిల్లో చాలాచోట్ల ట్రేలో అవే. కరోనా తర్వాత ఇంకా పెరిగాయి. ఆరోగ్యం సరే. ఎంగిలిని ఒప్పుకోవడమే ఆ బల్ల అర్థం అయినప్పుడు, గ్లాసులు విడిపోతే ఏం పోయిందో మన పాస్టర్లు ఎవరూ చర్చించలేదు. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద కేసులు పెట్టిన మనం, చర్చిలో నూట ఇరవై గ్లాసుల గురించి ఒక్కసారైనా మాట్లాడుకోవాలి.

ఆ చిన్న గ్లాసు ఖరీదు కూడా చెప్పి ఆపుతాను. 1950 రాష్ట్రపతి ఉత్తరువు మూడో పేరా ప్రకారం హిందువు కాని మనిషి షెడ్యూల్డ్ కులం కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. అంటే బల్ల దగ్గర మోకరించి ఆ గుక్కెడు తాగినట్టు కాగితం మీద తేలితే సర్టిఫికెట్ పోతుంది. రిజర్వేషన్ పోతుంది, అట్రాసిటీ కేసు నిలబడదు. ఊళ్లో మాత్రం ఆ మనిషి మాలే, మాదిగే, దెబ్బలూ అలాగే పడతాయి. అందుకే ఇన్ని లక్షల మంది ఆదివారం ఒక పేరు, ఎమ్మార్వో ఆఫీసులో ఒక పేరు పెట్టుకుని బతుకుతున్నారు. వాళ్లను దొంగలనే నోళ్లు ఆ ఉత్తరువును ఎందుకు ప్రశ్నించవో అడగండి.

ఇప్పుడు మన పల్లెల్లో బల్లకు స్పెయిన్ సరుకూ రాదు, వెల్చ్ సీసా కూడా రాదు. నెల మొదటి ఆదివారానికి ముందు రాత్రి ఎవరో ఒక పెద్దమ్మ నల్ల కిస్‌మిస్ కడిగి, వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున్నే పిసికి గుడ్డలో వడకడుతుంది. కొంచెం పంచదార. వేసవిలో రాత్రికి రాత్రే అది కాస్త పులుస్తుంది, ఎవరూ ఏమీ అనరు. మీ ఊరి చర్చిలో ఇప్పుడు గిన్నె ఒకటా, గ్లాసులా, మాల మాదిగలు ఒకే బల్లకు వస్తారా, రసం ఎవరు చేస్తారు, రాసి పంపండి. ముఖ్యంగా నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల, వత్సవాయి, పెనుగంచిప్రోలు వైపు వాళ్లు. ముసలివాళ్లను అడిగి వాళ్ల మాటల్లోనే రాయండి, పేర్లు బయటపెట్టను.